నాలుగు బై పద్నాలుగు భిన్నం కాదు

గుంటూరు బ్రాడీపేటలో 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆటో ఎక్కి "నాలుగు బై పద్నాలుగు" అంటే చాలు, ఇంకో ప్రశ్న వేయకుండా తీసుకెళ్ళి దింపేస్తారు. అరండల్‌పేటలోనూ అంతే. అందుకని ఈ ఊరి పిల్లలకు రెండు అంకెల మధ్య గీత అనేది బళ్ళో భిన్నాల పాఠం మొదలవక ముందే బాగా అలవాటైన వ్యవహారం. అయిదో తరగతిలో అదే 4/14 ఇచ్చి సూక్ష్మరూపంలో రాయమంటే పైనా కిందా రెండుతో కొట్టేసి 2/7 అని రాస్తారు, మార్కు పడుతుంది. ఆ పనే అడ్రసు మీద చేస్తే రెండో లైను ఏడో అడ్డరోడ్డులో ఎవరింటి గేటు ముందో నిలబడాలి.

ఈ గీత మనకు ఎన్ని చోట్ల తగులుతుందో చూడండి. డాక్టరు చీటీ మీద 120/80 ఉంటే బీపీ బాగానే ఉందంటారు. 150/100 ఉంటే ముఖం మారుతుంది, ఉప్పు తగ్గించమంటారు, మాత్రలు కూడా రాయొచ్చు. భిన్నాలుగా చూస్తే ఆ రెండూ ఒక్కటే, 3/2. టీవీలో స్కోరు 120/4 అని కనిపిస్తే నలుగురు అవుటయ్యారని అర్థం చేసుకుంటాం గానీ దాన్ని భాగించి 30 అనుకోం. తారీఖుల్లో గీత, సర్వే నంబర్లలో గీత, బస్సు పాసు మీద గీత. వీటిలో పై అంకెకు కింది అంకెతో పనిలేదు. ఒకే చీటీ మీద రాసిన రెండు వేరువేరు కబుర్లు, అంతే.

భిన్నంలో గీత ఈ జాతిది కాదు. 3/4 అనేది ఒక్క సంఖ్య. ఏడుకీ పన్నెండుకీ ఎలా ఒక చోటు ఉందో, దానికీ అలాగే సున్నాకూ ఒకటికీ మధ్య, ఒకటికి కాస్త దగ్గరగా, ఒక చోటు ఉంది. ఇది మొదట చెప్పకుండా "పైది లవం, కిందది హారం, నోట్సులో రాసుకోండి" అని మొదలుపెట్టడమే మన భిన్నాల పాఠానికి పట్టిన తెగులు అని నా వాదన. చాలాకాలం ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను, ఇప్పుడు సాయంత్రాలు ఆరు, ఏడు తరగతుల పిల్లలకు ఇంటి దగ్గర ట్యూషన్ చెబుతున్నాను. అక్కడ పెద్దవాళ్ళలో చూసిన తప్పులకు ఇక్కడ చిన్నవాళ్ళ నోట్సుల్లో మొదళ్ళు కనిపిస్తున్నాయి. "సార్, వాడికి లెక్కలన్నీ వస్తాయండీ, ఫ్రాక్షన్స్ ఒక్కటే టెన్షన్" అంటూ వచ్చే తల్లులు చాలామంది. నోట్సు తీసి చూస్తే వాడికి రాని భిన్నాలంటూ ఉండవు. కూడిక వచ్చు, గుణకారం వచ్చు, తిరగేసి గుణించడం వచ్చు. 5/8 పెద్దదా 9/16 పెద్దదా అంటే మాత్రం ఠక్కున 9/16 అంటాడు. తొమ్మిది అయిదు కన్నా పెద్దది కాదా మరి.

1/2 + 1/3 దగ్గర కాసేపు ఆగాలి, అసలు రోగం అక్కడుంది. దానికి 2/5 అని రాసే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. పైవి పైవాటితో కలిపారు, కిందవి కిందవాటితో కలిపారు. మనం ఎర్ర ఇంకుతో కొట్టేసి "హారాలు సమానం చెయ్యి, క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) కట్టు" అంటాం. ఎందుకు తప్పో చెప్పం. చెప్పకపోవడంలో అన్యాయం ఏమిటంటే, వాడు చేసిన పని ఇంకోచోట నూటికి నూరుపాళ్ళు ఒప్పు. వాడి మార్కుల లెక్కే తియ్యండి. యూనిట్ టెస్టులో 18/25, స్లిప్ టెస్టులో 7/10. రెండూ కలిపి ఎంత వచ్చినట్టు? 25/35. వాళ్ళ నాన్న అలాగే కూడతాడు, క్లాస్ టీచరూ అలాగే కూడుతుంది. మార్కుల్లో ఒప్పయిన పద్ధతి, పక్క పీరియడ్‌లో భిన్నాల దగ్గరికి వచ్చేసరికి తప్పెందుకైంది?

తేడా అంతా మొత్తంలో ఉంది. మార్కుల్లో ఒక పరీక్షకు మొత్తం 25, రెండోదానికి మొత్తం 10. రెంటినీ కలిపినప్పుడు 35 మార్కుల కొత్త పరీక్ష ఒకటి పుట్టింది, అంటే మొత్తమే మారిపోయింది. భిన్నాలు కూడేటప్పుడు మొత్తం కదలదు. సగం ఏ ఒకటిలో సగమో, మూడో వంతు కూడా ఆ ఒకటిలోనే మూడో వంతు. మన వైపు ఎకరానికి 100 సెంట్లు కాబట్టి పొలం లెక్కలో చూద్దాం. అరెకరం ఉన్న రైతు ఇంకో మూడో వంతు ఎకరం కొన్నాడు. 50 సెంట్లకు 33 సెంట్ల చిల్లర కలిసి 83 సెంట్ల పైచిలుకు కావాలి, అంటే ఎకరంలో 5/6. మన పిల్లవాడి లెక్క ప్రకారం 2/5 ఎకరం, అంటే 40 సెంట్లు. డబ్బులిచ్చి పొలం కొంటే ఉన్న 50 సెంట్లు కాస్తా 40 అయ్యాయంటే రిజిస్ట్రార్ ఆఫీసు ముందు పెద్ద పంచాయితీయే అవుతుంది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. పైవి పైన, కిందవి కింద కలిపితే వచ్చేది ఎప్పుడూ ఆ రెండు భిన్నాల మధ్యనే పడుతుంది. 18/25 అంటే నూటికి 72. 7/10 అంటే 70. 25/35 అంటే 71 చిల్లర. 2/5 కూడా సగానికి తక్కువ, మూడో వంతుకు ఎక్కువ. రెంటినీ కలిపితే వచ్చే సంఖ్య ఆ రెండిటికంటే పెద్దదిగా ఉండాలి గదా, మధ్యలో ఎందుకు ఇరుక్కుంది అని అడిగితే ఆరో తరగతి పిల్లలు నవ్వేసి వాళ్ళంతట వాళ్ళే 2/5 ని కొట్టేస్తారు. క.సా.గు. అన్న మాట నేను అప్పటిదాకా ఎత్తను.

కాబట్టి ఏ భిన్నం ఎదురైనా మొదటి ప్రశ్న "దేనిలో?" అన్నది. పెద్దవాళ్ళం కూడా ఈ ప్రశ్న మర్చిపోతుంటాం. కృష్ణకు వరద వచ్చినప్పుడు ప్రకాశం బ్యారేజీకి ఇన్ని గేట్లు ఎత్తారని పేపర్లో వస్తుంది. బ్యారేజీకి మొత్తం 70 గేట్లని తెలిసినవాడు 35 అని చదివితే సగం తెరిచారన్నమాట అనుకుంటాడు. తెలియనివాడికి 35 అనేది ఊరికే పెద్ద అంకె. 2024 సెప్టెంబరులో 70కి 70 ఎత్తేశారు, అప్పుడు మాత్రం విజయవాడలో ఎవరికీ హారం చెప్పనక్కర్లేకపోయింది.

ఇది మన పిల్లల తెలివితక్కువ అనుకుంటారేమో. 1978లో అమెరికాలో దేశవ్యాప్తంగా పిల్లల లెక్కల పరిజ్ఞానాన్ని మదింపు వేశారు. 13 ఏళ్ళవాళ్ళకు ఇచ్చిన ప్రశ్నల్లో ఒకటి: 12/13 + 7/8 ఉజ్జాయింపుగా ఎంత? ఎంచుకోవడానికి 1, 2, 19, 21 ఇచ్చారు, తెలియదు అని కూడా చెప్పొచ్చు. పన్నెండు పదమూడో వంతులంటే దాదాపు ఒకటి, ఏడు ఎనిమిదో వంతులన్నా దాదాపు ఒకటే, కాబట్టి రెండు. అలా చెప్పినవాళ్ళు నూటికి 24 మంది. 19 అన్నవాళ్ళు 28 మంది, 21 అన్నవాళ్ళు 27 మంది. పన్నెండూ ఏడూ కలిస్తే పంతొమ్మిది, పదమూడూ ఎనిమిదీ కలిస్తే ఇరవై ఒకటి. సగానికి పైగా పిల్లలకు అక్కడ భిన్నమే కనబడలేదు, నాలుగు అంకెలు కనబడ్డాయి.

మన దగ్గర ఇదే ప్రశ్న ఇంకో రకంగా బెడిసికొడుతుంది. కాస్త బాగా చదివే పిల్లకు ఇవ్వండి. ఉజ్జాయింపు అన్న మాట వదిలేసి పెన్ను తీస్తుంది, 13, 8 లకు క.సా.గు. 104 కడుతుంది, 96కు 91 కలిపి 187/104 అని ఒక్క తప్పు లేకుండా జవాబు తెస్తుంది. "సరే, ఇది ఒకటికి దగ్గరా, రెండుకు దగ్గరా?" అంటే బిక్కమొహం వేస్తుంది. బళ్ళో ఆ పిల్లకు పూర్తి మార్కులు. నా లెక్కలో మాత్రం 19 అన్న పిల్లవాడికీ ఈ పిల్లకూ పెద్ద తేడా లేదు, ఈమెకు చెయ్యి బాగా తిరిగింది, అంతే.

ఇక హారం సంగతి. లవం ఎన్ని ముక్కలో చెబుతుంది, హారం ఏ సైజు ముక్కలో చెబుతుంది. ఒకటిని ఎన్ని సమాన ముక్కలు చేస్తే ఆ సైజు వస్తుందో అది హారం, కనుక అది పెరిగే కొద్దీ ముక్క చిన్నదవుతుంది. చెప్పడానికి రెండు వాక్యాలు, ఒంటబట్టడానికి ఏళ్ళు. అంకె పెరిగితే వస్తువు పెరుగుతుందని ఒకటో తరగతి నుంచి నేర్పి, నాలుగులోనో అయిదులోనో హఠాత్తుగా ఈ ఒక్కచోట తిరగబడుతుందంటాం.

హారం ఒంటబట్టిన మనిషిని చూడాలంటే విజయవాడ ఆటోనగర్ వెళ్ళాలి. అక్కడ పాత ట్రాక్టరు ఇంజన్లు విప్పే షెడ్డు ఒకటి నాకు తెలుసు. కొత్త బళ్ళకు మిల్లీమీటర్ల నట్లు వచ్చేశాయి గానీ ఆ పాతవాటికి అంగుళాల పానాలే కావాలి. గోడకు చెక్క కొట్టి, దానికి మేకులు దిగేసి, పానాలను వరసగా తగిలించి ఉంచుతారు: 3/8, 7/16, 1/2, 9/16, 5/8, 11/16, 3/4. మేస్త్రీ బండి కింద పడుకుని చెయ్యి మాత్రం బయటికి చాపి "తొమ్మిది బై పదహారు" అంటాడు. కుర్రాడు అందిస్తాడు. "లూజుగా ఉందిరా, ఒకటి దిగు" అని వినిపిస్తుంది. కుర్రాడు క్షణం ఆలోచించకుండా 1/2 తీసి చేతిలో పెడతాడు. అదీ వదులైతే 7/16. నట్టుకు ఎక్కకపోతే పైకి, 5/8.

ఆ మేకుల వరసలో కింది అంకెలు మాత్రమే చదవండి: 8, 16, 2, 16, 8, 16, 4. ఏ వరసా కనబడదు. పై అంకెలు చదవండి: 3, 7, 1, 9, 5, 11, 3. ఇంకా గందరగోళం. అన్నిటినీ పదహారో వంతుల్లోకి మార్చి చదివితే 6, 7, 8, 9, 10, 11, 12. ఒక్కో మేకుకు ఒక్కో పదహారో వంతు చొప్పున మెట్లు కట్టినట్టు ఉంది. ఆ కుర్రాడికి సమాన భిన్నాలు అనే మాట గుర్తుందో లేదో నేను అడగలేదు. సగం అంగుళమంటే ఎనిమిది పదహారో వంతులని, తొమ్మిది పదహారో వంతులది దాని పక్క మేకుదని వాడి చేతికి తెలుసు. బళ్ళో 9/16 పెద్దదన్న పిల్లవాణ్ణి ఆ షెడ్డులో ఒక్క పూట ఉంచితే చాలు, 5/8 పానా బరువే వాడికి జవాబు చెబుతుంది. ఇంకొకటి గమనించాలి. ఆ పానా మీద 1/2 అని చెక్కి ఉంటుంది, 8/16 అని ఎవరూ చెక్కరు. సూక్ష్మరూపం ప్రయోజనం అంతవరకే. చదవడానికి వీలు. వరస చూడాలన్నా కూడాలన్నా మళ్ళీ 8/16 దగ్గరికే వెళ్ళాలి. జవాబును సూక్ష్మరూపంలో రాయలేదని అర మార్కు కోసే టీచర్లతో నాకు ఎప్పుడూ పేచీయే. 8/16 తప్పు కాదు, ఆ మాటకొస్తే కొన్నిచోట్ల అదే మేలు.

సమాన భిన్నాలను మనం చెప్పే తీరు ఇది: "పైనా కిందా ఒకే సంఖ్యతో గుణిస్తే విలువ మారదు." నిజమే. ఎందుకు మారదు? రెండుతో గుణించాం కదా, రెట్టింపు కావాలి కదా? ఈ అనుమానం వచ్చిన పిల్లకు పాఠం అర్థం కాలేదని కాదు, వింటోందని గుర్తు. ఒక కాగితం పట్టీ కత్తిరించి నాలుగు మడతలు పెట్టించండి. విప్పి మూడు గళ్ళకు రంగు వేయించండి. అది 3/4. ఇప్పుడు అదే మడతల మీద మళ్ళీ మడిచి, ప్రతి గడినీ సగం చేసి విప్పితే ఎనిమిది గళ్ళు, ఆరింటికి రంగు. 6/8. రంగు ఒక్క చుక్క పెరగలేదు. ముక్కలు రెట్టింపయ్యాయి, ఒక్కో ముక్క సైజు సగమైంది, ఒకదాన్నొకటి సరిచేసుకున్నాయి. పుస్తకాల్లో గుండ్రటి బొమ్మ గీసి ముక్కలు కోయించే బదులు పట్టీయే ఎందుకు అంటానంటే, పట్టీని స్కేలు పక్కన పెట్టొచ్చు. ఎడమ చివర సున్నా, కుడి చివర ఒకటి. 3/4 మడతా 6/8 మడతా ఒకే చోట పడటం కంటికి కనిపిస్తుంది. రెండో పట్టీ పక్కన చేరిస్తే 5/4 కూడా కనిపిస్తుంది. గుండ్రటి బొమ్మలో 5/4 గీయమంటే పిల్లలు "మొత్తం నాలుగే కదా సార్, అయిదెలా వస్తాయి" అంటారు. వాళ్ళ తప్పేమీ లేదు, బొమ్మ అలాంటిది.

నగల కొట్లో ఈ పాఠం రోజూ నడుస్తూనే ఉంటుంది. 24 క్యారెట్లు అంటే మేలిమి. 18 క్యారెట్లు అంటే 18/24, అంటే 3/4, వెయ్యిలో 750. అందుకే 18 క్యారెట్ల వస్తువు మీద 750 అని ముద్ర ఉంటుంది. 22 క్యారెట్లు అంటే 22/24, అంటే 11/12. దీన్ని వెయ్యిలోకి మారుస్తామంటే 12 వెయ్యిని నిశ్శేషంగా భాగించదు కాబట్టి 916 తర్వాత చిల్లర మిగిలిపోతుంది. ఆ చిల్లర వదిలేసి 916 అన్నారు. పెళ్ళి కొనుగోళ్ళకు వెళ్ళి "916 అయితేనే తీసుకుంటాం" అని గట్టిగా బేరమాడే మనుషులు ఇంటికొచ్చి పిల్లవాడి హోంవర్కులో 22/24 ని వెయ్యిలోకి మార్చమంటే ట్యూషన్ సార్‌కి ఫోన్ చేస్తారు.

మన పాత లెక్కల్లో ఈ బాధ చాలావరకు ఉండేది కాదు. రూపాయికి పదహారణాలు. పావలా అంటే నాలుగు, బేడ అంటే రెండు, అర్ధ రూపాయి ఎనిమిది, ముప్పావలా పన్నెండు. పావలాకు బేడ కలిపితే ఆరణాలని చెప్పడానికి ఎవరూ క.సా.గు. కట్టలేదు, హారం ముందే పదహారుగా స్థిరపడి ఉంది. అణాలో నాలుగో వంతు కానీ, అంటే రూపాయిలో 1/64. కరణాలు వాడిన తెలుగు భిన్నాల గుర్తులూ ఈ దారిలోనే నడిచాయి. ఒకటిని నాలుగు చేస్తే పావు, దాన్ని నాలుగు చేస్తే వీసం, దాన్ని మళ్ళీ నాలుగు. ఎంత కిందికి దిగినా పైమెట్టు కింది మెట్టులో ఇమిడిపోతుంది. ఆ గుర్తులకు 2008లో యూనికోడ్‌లో చోటు కూడా దొరికింది, కావాలంటే ఫోన్లో చూసుకోవచ్చు.

అలాగని ఆ కాలమే బంగారం అనను. నాలుగులూ పదహార్లూ మూడో వంతు దగ్గర బోర్లాపడతాయి. పదహారణాలను ముగ్గురికి పంచితే తలా అయిదణాలు పోగా ఒక అణా మిగులుతుంది. అణాకు 12 పైలు ఉండటం అక్కడ అక్కరకొచ్చింది. ఆ మిగిలిన అణాలో తలా నాలుగు పైలు. రూపాయికి 192 పైలు కాబట్టి మూడో వంతు అంటే 64/192, లెక్క చక్కగా తెగింది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలు వచ్చేసరికి పావలా నిక్షేపంగా 25లో కుదిరింది గానీ అణా ఆరుంబావు అయి కూచుంది. వందను పదహారు నిశ్శేషంగా భాగించదు, అంతకు మించి కారణం లేదు. మూడో వంతుకైతే వందలో అసలు చోటే లేదు, 33 దగ్గర మొదలై తెగకుండా సాగుతూనే ఉంటుంది. ఏ హారం పెట్టుకుంటే ఏ భిన్నాలు పూర్తిగా తెగుతాయో, ఏవి తెగవో చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ నాకు దొరకలేదు. పిల్లలు అణాలు ఎప్పుడూ చూడలేదు, 2011లో పావలా బిళ్ళ కూడా చెల్లుబాటు కాకుండా పోయింది. అయినా వింటారు.

వేరువేరు హారాలు వచ్చినప్పుడు క.సా.గు. పట్టుకోవడం కూడా మనకు పరాయి విద్య కాదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు భిన్నాల కూడికకు ఆ పద్ధతి చెప్పాడు. ఆయన గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ రోజుల్లో భిన్నం రాసేటప్పుడు లవాన్ని పైన, హారాన్ని కింద పెట్టేవారు, మధ్యలో గీత ఉండేది కాదు. గీత తర్వాత అరబ్బుల చేతుల్లో చేరింది. మన పిల్లలు ఆ గీత దగ్గరే పడిపోతున్నారంటే నాకు అప్పుడప్పుడూ నవ్వొస్తుంది.

కొట్టేయడం గురించి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. 16/64 లో పైన ఆరు, కింద ఆరు కొట్టేసిన పిల్లవాడికి 1/4 వస్తుంది, అది సరైన జవాబే! 19/95 లో తొమ్మిదులు కొట్టేస్తే 1/5, అదీ సరైనదే. 13/39 లో మూళ్ళు కొట్టేస్తే 1/9 వస్తుంది, సరైన జవాబు 1/3. మొదటి రెండూ గాలివాటంగా కుదిరాయి. పిల్లవాడికి మాత్రం కొట్టేయడం అనేది ఒకలాంటి అంకెలు కనబడితే గీత పెట్టే ఆటగా మిగిలిపోతుంది. ఆరేళ్ళ తర్వాత వాడే ఇంటర్‌లో (ఎక్స్ + 4)/(ఎక్స్ + 5) చూసి రెండు ఎక్స్‌లూ కొట్టేసి 4/5 అంటాడు. ఎక్స్ బదులు 3 పెట్టి చూడరా, 7/8 వస్తోంది కదా అంటే, "అవును సార్, మరి కొట్టేయకూడదా?" అని నన్నే అడుగుతాడు. లవం మొత్తాన్నీ హారం మొత్తాన్నీ ఒకే సంఖ్య భాగిస్తేనే కొట్టేయగలం. అంటే కొట్టేయడం అనేది ఆ కాగితం పట్టీ మడతలను వెనక్కి విప్పడమే. మడతలు పెట్టనివాడు విప్పడం ఎక్కడ నేర్చుకుంటాడు?

విజయవాడలో ఫౌండేషన్ కోర్సుల్లో పాఠాలు చెప్పే మిత్రుడు ఒకాయన ఉన్నాడు. ఈ విషయం మీద మాకు ఎప్పుడూ వాదనే. "మీరు చెప్పేది బాగానే ఉంది మాస్టారూ, టైమేదీ? 7/8 పెద్దదా 8/9 పెద్దదా అంటే ఏటవాలుగా గుణిస్తాం. ఏడు తొమ్మిదులు 63, ఎనిమిది ఎనిమిదులు 64. రెండోది పెద్దది. అయిపోయింది. పట్టీలు కత్తిరిస్తూ కూర్చుంటే సిలబస్ ఎవడు లాగుతాడు?" ఆయన బాధ నాకు తెలియనిది కాదు. ఈఏపీసెట్ ఇంజనీరింగ్ పరీక్షలో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. సూక్ష్మరూపంలో ప్రశ్నకు 9/8 నిమిషం, అంటే నిమిషం మీద ఏడున్నర సెకన్లు. అక్కడ షార్ట్‌కట్ లేకపోతే బండి కదలదు.

అయితే ఆ షార్ట్‌కట్ ఎందుకు పనిచేస్తుందో ఆయన క్లాసులో ఎవర్నయినా అడగండి. రెండు భిన్నాలనూ 72 హారంలోకి మారిస్తే 63/72, 64/72. ఏటవాలు గుణకారంలో మనకు కనబడే 63, 64 ఆ లవాలే, హారం రాయకుండా దాచేశాం. సమాన భిన్నాలు బాగా తెలిసినవాడు ఈ దాపరికాన్ని చూసి ముచ్చటపడతాడు. తెలియనివాడికి అది మంత్రం. మంత్రం ఎక్కడ చదవాలో తెలియక 7/8 + 8/9 అని కూడిక ఇచ్చినా ఏటవాలుగానే గుణిస్తాడు, భిన్నాల గుణకారం ఇచ్చినా ఏటవాలుగానే గుణిస్తాడు. ఇంతకీ ఈ లెక్కకు గుణకారమే అక్కర్లేదు. 7/8 ఒకటికి ఎనిమిదో వంతు తక్కువ, 8/9 ఒకటికి తొమ్మిదో వంతు తక్కువ. తొమ్మిదో వంతు చిన్న ముక్క కాబట్టి 8/9 ఒకటికి ఎక్కువ దగ్గర. ఏడున్నర సెకన్లు చాలు.

పైగా ఇక్కడ ఆదా చేశామనుకున్న టైము ఎక్కడికీ పోదు, తర్వాత వసూలవుతుంది. అమెరికా, బ్రిటన్ పిల్లలను పదేళ్ళ వయసు నుంచి గమనించిన సమాచారాన్ని విశ్లేషించి 2012లో ఒక పరిశోధన వచ్చింది. పది, పన్నెండేళ్ళప్పుడు భిన్నాలూ భాగహారమూ ఎంత బాగా వచ్చో చూస్తే, అయిదారేళ్ళ తర్వాత ఆల్జీబ్రా ఎంత వస్తుందో అంచనా వేయవచ్చని తేలింది. ఇంటి ఆదాయం, తెలివితేటల పరీక్షల తేడాలు లెక్కలోకి తీసుకున్నా ఆ సంబంధం నిలిచింది. ఇంటర్‌లో ఎక్స్ కొట్టేసిన మన కుర్రాణ్ణి చూసినవాళ్ళకు ఇది ఆశ్చర్యం కలిగించే సంగతేమీ కాదు.

తెలుగు మీడియం, ఇంగ్లీషు మీడియం గొడవను ఇందులోకి లాగేవాళ్ళూ ఉన్నారు. ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఇప్పుడు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. లవం అన్న పిల్లా 2/5 రాస్తోంది, న్యూమరేటర్ అన్న పిల్లా 2/5 రాస్తోంది. దాని గురించి ఇంతకన్నా మాట్లాడే ఓపిక నాకు లేదు.

మా మిత్రుడితో చివరికి ఒక బేరం కుదిరింది. తొమ్మిది, పది తరగతుల్లో ఆయన ఇష్టం, ఏ షార్ట్‌కట్ అయినా చెప్పుకోవచ్చు. ఆరో తరగతిలో మాత్రం దసరా సెలవుల దాకా ఏటవాలు గుణకారం మాట ఎత్తకూడదు, కొట్టివేత గీతలు ఉండకూడదు. ఆ మూడు నాలుగు నెలలూ పిల్లలు భిన్నాలను పట్టీ మీద చోటు చూసి పెట్టాలి. ఒకే చోటికి నాలుగైదు పేర్లు రాయాలి, 2/3, 4/6, 8/12 అంటూ. ఏ కూడిక అయినా చేసేముందు జవాబు సగానికి పైనా కిందా, ఒకటికి పైనా కిందా అన్నది పక్కన రాయాలి. ఆయన ఒక సెక్షన్‌కు ఒప్పుకున్నాడు. ఆ సెక్షన్ తల్లిదండ్రులు "పక్క సెక్షన్‌కి షార్ట్‌కట్స్ అయిపోయాయి, మా పిల్లలు వెనకబడుతున్నారు" అంటారని ఆయన భయం. అనే ఉంటారు కూడా. పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్ళేవాళ్ళు ఈసారి పోర్షన్ ఎంతయిందని అడిగే బదులు, పిల్లవాడి నోట్సు తెరిచి 12/13 + 7/8 ఉజ్జాయింపుగా ఎంతరా అని అక్కడికక్కడే అడిగి చూడండి. పెన్ను మాత్రం ఇవ్వకండి.